ఓడ ఎక్కని డాక్టరుగారు

1998లో మా ఆఫీసు నుంచి వెళ్ళిన ఒక డాక్టరుగారి ఫీజు వోచర్ వెనక్కి తిరిగొచ్చింది. ఓడ యజమానుల పిసినారితనమని మా మేనేజరుగారు అనుకున్నారు. డాక్టరుగారూ అదే అనుకున్నారు. నిజానికి అది నా వల్ల తిరిగొచ్చింది. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. విశాఖపట్నం వన్ టౌన్‌లో ఒక చిన్న షిప్పింగ్ ఏజెన్సీలో టైపిస్టుని. మల్కాపురం నుంచి బస్సులో వచ్చేదాన్ని. ఆఫీసులో నా గొంతు విన్నవాళ్ళు తక్కువ. చెప్పాల్సింది చిన్న చీటీ మీద రాసి మేనేజరుగారి బల్ల మీద పెట్టేదాన్ని. మధ్యాహ్నం డబ్బా తినేశాక లైబ్రరీ పుస్తకం తెరిచేదాన్ని. రోజూ డైరీ రాసే అలవాటు ఉండబట్టే ఇప్పుడు చెప్పబోయేదంతా టైముతో సహా చెప్పగలుగుతున్నాను.

షిప్పింగ్ ఏజెంటు ఏం చేస్తాడని చాలామంది అడుగుతారు. ఓడ రేవుకి వచ్చినప్పుడు యజమాని బొంబాయిలోనో ఇంకెక్కడో ఉంటాడు. అతని తరఫున ఇక్కడి పనులన్నీ చూసేది ఏజెంటు. రేవులో ఓడ కట్టే చోటు, అదే బెర్త్, దాని కోసం తిరగడం, కస్టమ్స్ కాగితాలు, మంచినీళ్ళు, కూరగాయలు, జబ్బుపడ్డ నావికుడికి డాక్టరు. అయిన ఖర్చంతా డిస్‌బర్స్‌మెంట్ అకౌంట్ అనే ఒక లెక్కలో వేసి యజమానికి పంపుతాం. అందులో ప్రతి ఖర్చుకీ ఒక వోచర్ ఉండాలి. దాని మీద కెప్టెన్ సంతకం, ఓడ స్టాంపు ఉండాలి. స్టాంపు లేకపోతే ఆ పని జరగనట్టే.

డాక్టరుగారి ఫీజూ అంతే. ఓడ సముద్రంలో లంగరు వేసి ఉంటే ఆయన లాంచీలో వెళ్ళి, తాళ్ళ నిచ్చెన పట్టుకుని పైకెక్కి, రోగిని చూసి, స్టాంపు వేయించుకుని దిగేవారు. వోచర్‌లో "ఆన్ బోర్డ్ అటెండెన్స్" అని ఒక లైను కొట్టేదాన్ని. అంటే ఓడ ఎక్కి చూశారని. మా డాక్టరు మూర్తిగారికి అరవై దగ్గర పడుతున్నా సంచీ భుజాన వేసుకుని ఆ నిచ్చెన ఎక్కేవారు.

ఆ మార్చిలో ఒక బొంబాయి కంపెనీ ఓడలో వంటవాడికి జ్వరమూ, ఒళ్ళంతా దద్దుర్లూ వచ్చాయి. లాంచీ రిపేరులో ఉంది. మా ఆఫీసులో వి.హెచ్.ఎఫ్. సెట్టు ఉండేది. కనుచూపు మేరలో ఉన్న ఓడలతో మాట్లాడే రేడియో అది. మూర్తిగారు రెండు రోజులు వచ్చి ఆ సెట్టు ముందు కూర్చుని, అడిగి, విని, మందులు చెప్పారు. వంటవాడికి తగ్గింది.

వోచర్ కొట్టేటప్పుడు మా ఖాదర్ భాయ్ పక్కనే ఉన్నాడు. ఓడల మీదకి వెళ్ళి సంతకాలు తెచ్చే బోర్డింగ్ క్లర్కు. కోటవీధి మనిషి. నన్ను చెల్లెమ్మా అనే పిలిచేవాడు.

"ఎప్పుడూ కొట్టే లైనే కొట్టీ చెల్లెమ్మా. బొంబాయోడికి ఏటి తెలుస్తాది?" అని బయటకి వెళ్ళిపోయాడు.

ఆ లైను కొట్టలేకపోయాను. రెండు రోజులూ డాక్టరుగారు నా పక్క కుర్చీలోనే ఉన్నారు కదా. "వి.హెచ్.ఎఫ్. ద్వారా వైద్య సలహా" అని కొట్టాను. సత్యవ్రతం పట్టి కొట్టింది కాదు, చూసింది కొట్టానంతే. ఆ వోచర్ల కట్టలో ఏముందో ఖాదర్ భాయ్ చూడలేదు, కెప్టెన్ చూడకుండానే స్టాంపు వేశాడు. బొంబాయివాళ్ళు మాత్రం చూశారు. మూడు వారాలకి వోచర్ తిరిగొచ్చింది. డాక్టరు ఓడ మీదకి రాలేదు కనుక ఫీజు చెల్లదని దాని మీద ఎర్ర సిరాతో రాసి ఉంది.

మూర్తిగారు దాన్ని చదువుకుని, మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆ లైను మార్చింది నేనని ఆయనకి చెప్పలేదు.

ఆగస్టులో వాయుగుండం పట్టింది. మూడు రోజులుగా ఒకటే వాన. చేపల బోట్లన్నీ ఫిషింగ్ హార్బర్‌లో కట్టేసి ఉన్నాయి. పోర్టువాళ్ళు లాంచీలు ఆపేశారు. ఉక్కు ఫ్యాక్టరీకి బొగ్గు తెచ్చిన మా ఓడ ఒకటి బెర్త్ దొరక్క బయట లంగరు మీద ఉంది. అది కూడా ఆ బొంబాయి కంపెనీదే.

పన్నెండూ ఇరవైకి సెట్టులో పిలుపు వచ్చింది. మేనేజరుగారు పోర్టులో బెర్తింగ్ మీటింగులో ఉన్నారు. ఏ ఓడ ముందు లోపలికి రావాలో రోజూ తేల్చుకునే మీటింగు అది, ఒకసారి కూర్చుంటే లేవరు. ఖాదర్ భాయ్ లోపలి హార్బర్‌లో ఇంకో ఓడ మీద ఉన్నాడు. ఆఫీసులో నేనొక్కదాన్నే.

ఆ సెట్టు హ్యాండ్‌సెట్ నేను అప్పటివరకూ ఎత్తలేదు. కెప్టెన్ మూడోసారి పిలిచాక ఎత్తాను. ఇంజన్ రూములో పనిచేసే ఒకతనికి పొద్దున పది నుంచి కడుపులో విపరీతమైన నొప్పి అనీ, మెలికలు తిరిగిపోతున్నాడనీ, వెంటనే డాక్టరు కావాలనీ కెప్టెన్ చెప్పాడు. లాంచీలు లేవని చెప్పాను. "అయితే రేడియోలోకి రమ్మనండి. పోయినసారి మా కంపెనీ ఓడకి అలా చూశారట కదా" అన్నాడు.

మూర్తిగారి క్లినిక్‌కి ఫోన్ చేశాను. విషయమంతా విన్నారు.

"లాంచీ పంపించమ్మా, వస్తాను. వాన అయినా సరే."

"లాంచీలు ఆపేశారండీ. రేడియోలో..."

"రేడియోలో మాట్లాడను."

నేను ఎందుకని అడిగేలోపే ఆయనే మళ్ళీ అందుకున్నారు.

"నీ మీద కోపం కాదు. పోయినసారి రెండు రోజులు మాట్లాడాను. నేను రోగిని చూడలేదని రాశారు. ఆ వంటవాడు పోయి ఉంటే ఏమని రాసేవారో తెలుసా? డాక్టరు చూశాడనే రాసేవారు. బతికితే నేను లేను, పోతే నేనున్నాను. ఫీజు కోసం కాదమ్మా. ఫీజు కాగితం ఉంటే అతను నా రోగి, నేను అతని డాక్టరుని. లేకపోతే దారినపోయేవాణ్ణి. దారినపోయేవాడు రోడ్డు మీద చెప్పే మాట ఒక్కటే చెప్తాను. అతన్ని పడుకోబెట్టమను. నోట్లోకి ఏమీ పొయ్యొద్దను, మంచినీళ్ళు కూడా. అంతకుమించి కాగితం లేనిదే చెప్పను."

ఫోన్ పెట్టేశారు. పన్నెండూ ముప్ఫై అయింది.

ఆయన చెప్పింది కెప్టెన్‌కి చెప్పాను. తర్వాత కుర్చీలో కూలబడ్డాను. ఆ నావికుడి పేరేమిటో అప్పటికి నాకు తెలియదు. కానీ అతనికీ డాక్టరుగారికీ మధ్య అడ్డంగా ఉన్నది సముద్రం కాదు, మార్చిలో నేను కొట్టిన ఒక్క లైను. అతనికి ఏమన్నా అయితే ఆ సంగతి నాకొక్కదానికే తెలుస్తుంది. ఏడుపు వచ్చింది. ఏడవడానికి టైము లేదు.

మార్చిలో నేను నిజమే కొట్టాను, కానీ పని అయిపోయాక కొట్టాను. డబ్బు ఇవ్వాల్సినవాడికి అది ఎగ్గొట్టే దారి అయింది. అదే నిజం ముందే చెప్పి ఒప్పిస్తే? ఈ ఆలోచన రాగానే టెలెక్స్ ముందు కూర్చున్నాను. ఫ్యాక్సులు వచ్చాక కూడా ఓడలవాళ్ళు టెలెక్స్ వదల్లేదు. ఇక్కడ కొట్టిన అక్షరాలు అక్కడి మెషిన్‌లో అచ్చవుతాయి, బొంబాయిలోనూ, ఉపగ్రహం మీదుగా ఓడలోనూ. రెండు చోట్లకీ ఒకే సంగతి పంపాను. లాంచీలు లేవు, డాక్టరు ఓడ ఎక్కలేరు, రేడియోలో వైద్యం చేస్తారు. దాన్ని ఓడ ఎక్కి చూసినట్టే లెక్కేసి, అదే ఫీజు ఇస్తామని ఒప్పుకోవాలి. ఏ టైముకి ఏం అడిగారో, ఏం చెప్పారో ఇక్కడ నేను రాస్తాను, అక్కడ కెప్టెన్ ఓడ దినచర్య పుస్తకంలో, అంటే లాగ్ బుక్కులో, రాయాలి. ఓడ బెర్త్‌కి వచ్చాక రెండూ పక్కపక్కన పెట్టి స్టాంపు వేయాలి. ఒప్పుకోకపోతే డాక్టరు రారు, రోగి బాధ్యత మీదే. కింద మేనేజరుగారి పేరు కొట్టాను. అడక్కుండా ఆయన పేరు వాడటం అదే మొదలు.

ఓడ నుంచి నాలుగు నిమిషాల్లో జవాబు వచ్చింది, ఒప్పుకుంటున్నానని. బొంబాయి నుంచి రాలేదు. ఆ మెషిన్ ముందు నిలబడి గోడ గడియారం చూస్తూ ఉన్నాను. ఖాదర్ భాయ్ తడిసి ముద్దై లోపలికి వచ్చాడు.

"ఏటి చెల్లెమ్మా, దెయ్యాన్ని చూసినట్టున్నావు?"

చెప్పాను. మార్చి లైను సంగతి తప్ప అంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

"నువ్వు ఇన్ని మాటలు మాట్లాడగలవని నాకు తెలీదు" అన్నాడు. అంతలో మెషిన్ గడగడలాడింది. బొంబాయి నుంచి ఒక్క ముక్క: అంగీకరించాము. ఒంటిగంటకి రెండు నిమిషాలు తక్కువ. ఖాదర్ భాయ్ ఆ కాగితం చింపి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, చొక్కా లోపల దోపుకుని మూర్తిగారి క్లినిక్‌కి స్కూటర్ మీద బయల్దేరాడు.

ఒంటిగంటా పదిహేనుకి మూర్తిగారు వచ్చారు. గొడుగు మడవకుండానే గుమ్మంలో నిలబడి ఆ టెలెక్స్ మళ్ళీ ఒకసారి చదివారు. "సరే. సెట్టు ఎక్కడ?" అన్నారు.

కెప్టెన్ పేషెంటునే మాట్లాడమన్నాడు, తెలుగువాడే కదా అని. మంచం దగ్గరికి చిన్న రేడియో తీసుకెళ్ళి ఇచ్చారు. నేను తెల్లకాగితాలు తీసుకుని పక్కన కూర్చున్నాను.

"పేరేమిటి నాయనా? ఏ ఊరు?"

"అప్పలరాజండి బాబూ. బీమిలి దగ్గిరండి."

"ఎక్కడ నొప్పి?"

"కడుపులోనండి."

"కడుపులో ఎక్కడ?"

మాట్లాడే బటన్ నొక్కి పట్టుకున్నాడు. ఊపిరి వినపడుతోంది, మూలుగు వినపడుతోంది. చివరికి అన్నాడు.

"ఇందాకా కేప్టెన్ గారి రేడియోలో ఆడమనిసి గొంతు ఇన్నానండి. ఆవిడున్నారేటండి అక్కడ?"

మూర్తిగారు నా వంక చూశారు. నేను లేచాను. నేను బయటికి వెళ్తే ఎవరు రాస్తారో మాత్రం తెలియలేదు. ఆయన కూర్చోమని చెయ్యి ఊపారు.

"ఉంది. ఆవిడ వినదు నాయనా, రాస్తుందంతే. చెప్పు."

ఇంతలో సెట్టులో ఇంకో గొంతు దూరింది. వి.హెచ్.ఎఫ్.లో మాట్లాడేది చుట్టుపక్కల సెట్టున్న ప్రతివాడికీ వినపడుతుంది. హార్బర్‌లో కట్టేసిన బోట్లలో పని లేక కూర్చున్నవాళ్ళు అంతసేపూ వింటున్నారు.

"ఒరే మావా, సిగ్గుపడితే సచ్చిపోతావురా! డాట్రుబాబుకి సెప్పీరా!"

"ఎవరయ్యా అది? లైను వదలండి!" అని మూర్తిగారు గద్దించారు. బోట్లవాళ్ళు నోరు మూశారు గానీ సెట్లు మూయలేదని మాకు తెలుసు. కెప్టెన్‌కి చెప్పి వేరే ఛానల్‌కి మారాం. అక్కడికి రావడం వాళ్ళకి ఎంతసేపు?

అప్పుడు చెప్పాడు.

"గజ్జల్లో గడ్డండి బాబూ. రెండేళ్ళయి ఉన్నాది. పడుకుంటే లోపలికి ఎల్లిపోద్దండి. ఈయేల పొద్దుట పైపు ఎత్తినాను. బయిటికొచ్చీసింది. ఎల్లట్లేదండి. రాయిలాగుంది."

హెర్నియా అని నేను రాయలేదు, ఆ మాట అప్పటికి నాకు తెలియదు. అతను చెప్పింది చెప్పినట్టు రాశాను.

"రెండేళ్ళ నుంచి ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే దింపీసి ఇంటికి పంపీస్తారు కదండీ. మళ్ళీ ఏ ఓడోడు ఎక్కిస్తాడు? ఇద్దరు పిల్లలండి నాకు."

మూర్తిగారు గబగబా అడిగారు. వాంతి అయిందా? ఒక్కసారి అయింది. జ్వరం? లేదు. గడ్డ మీద తోలు ఎర్రగా ఉందా, నల్లగా ఉందా? కెప్టెన్ చూసి మామూలుగానే ఉందన్నాడు. మూర్తిగారు హ్యాండ్‌సెట్ దించి, నాతో కాదు, తనతో తాను అన్నట్టు అన్నారు. "మూడు గంటలు దాటింది. పేగు ఇరుక్కుంది. రక్తం ఆడటం ఇంకా ఆగలేదనుకుంటాను. ఆగితే కుళ్ళుతుంది."

తర్వాత చెప్పినవన్నీ నా కాగితాల మీద టైముతో సహా ఉన్నాయి. మంచం కాళ్ళవైపు ఎత్తు చేయాలి, లైఫ్ జాకెట్లు పెట్టి. మోకాళ్ళు ముడిచి వెల్లకిలా పడుకోవాలి. మందుల పెట్టెలో ఉన్న నొప్పి ఇంజక్షన్ సెకండాఫీసర్ ఇవ్వాలి. ఓడల్లో ఆ పని నేర్చుకున్నది ఆయనే. తడిగుడ్డ వేయాలి. అరగంట ఎవరూ ముట్టుకోకూడదు. ఆ తర్వాత అప్పలరాజే తన అరచేత్తో మెల్లిగా, చంటిబిడ్డని ఒత్తినట్టు ఒత్తాలి. గట్టిగా తొయ్యకూడదు. మూడు గంటలకి కూడా వెళ్ళకపోతే పోర్టు కంట్రోల్‌కి చెప్పి, సముద్రం ఎంత అల్లకల్లోలంగా ఉన్నా ఓడల్ని లాగే టగ్గు పంపించమని తానే అడుగుతానన్నారు.

ఆ అరగంటలో మేనేజరుగారు మీటింగు నుంచి వచ్చారు. బల్ల మీద టెలెక్స్ నకలు తీసి చదివారు.

"నా పేరు మీద ఎవరు పంపారు?"

"నేనేనండి."

ఇంకోసారి చదివారు. "బొంబాయివాళ్ళు ఒప్పుకున్నారా? ఒక్క ముక్కా బేరమాడకుండానా?" అన్నారు. తర్వాత కుర్చీ లాక్కుని డాక్టరుగారి పక్కన కూర్చున్నారు. ఖాదర్ భాయ్ టీలు తెచ్చాడు. ఎవరూ తాగలేదు. అద్దాల మీద వాన జారుతోంది. రెండున్నర అయింది. రెండూ ముప్ఫై అయిదు. మూర్తిగారు గడియారం చేతి నుంచి విప్పి బల్ల మీద పెట్టుకున్నారు. పోర్టు కంట్రోల్ నంబరు మేనేజరుగారు ఒక చీటీ మీద రాసి ఆయన ముందుకు జరిపారు.

రెండూ నలభై మూడుకి సెట్టు గరగరలాడింది.

"ఎల్లిపోయిందండీ! బాబూ, ఎల్లిపోయింది! గుడగుడమని ఎల్లిపోయిందండి!"

"నొప్పి?"

"నొప్పేటండి, నిద్దరొస్తన్నాది!"

మూర్తిగారు హ్యాండ్‌సెట్ బల్ల మీద పెట్టి రెండు చేతులతో మొహం తుడుచుకున్నారు. ఖాదర్ భాయ్ పైకి చూసి ఏదో అన్నాడు. బోట్లవాళ్ళు ఛానల్ మారి మా వెనకే వచ్చారని అప్పుడు తెలిసింది. ఒకడు "బతికీసినావురా మావా!" అన్నాడు, ఇంకొకడు ఈల వేశాడు. ఈసారి మూర్తిగారు గద్దించలేదు. చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశారు. నేను అరగంట సేపు లేవకుండా కూర్చున్నాను, ఫైలు సర్దుతున్నట్టు.

వెళ్ళేముందు ఆయన నా కాగితాలు నాలుగూ చదివారు. ప్రతి దాని కిందా సంతకం పెట్టారు. "చంటిబిడ్డని ఒత్తినట్టు అన్నానా?" అని అడిగారు. అన్నారని చెప్పాను. "అన్నీ రాశావే" అన్నారు.

నాలుగు రోజులకి ఓడ బెర్త్‌కి వచ్చింది. ఖాదర్ భాయ్ నా కాగితాలు పట్టుకెళ్ళి కెప్టెన్ లాగ్ బుక్కు పక్కన పెట్టించాడు. టైములు రెండు నిమిషాల తేడాతో కలిశాయి. ప్రతి కాగితం మీదా స్టాంపు పడింది. అప్పలరాజుని ఓడ దింపి ఆస్పత్రిలో ఆపరేషన్ చేయించారు. డాక్టరుగారి ఫీజు ఆ నెలలోనే వచ్చింది, ఓడ ఎక్కి చూస్తే ఎంతో అంతే. ఆ తర్వాత ఆ టెలెక్స్ మా ఆఫీసులో ఒక ఫారంగా మారింది. రేడియోలో డాక్టరు కావాలంటే ముందు అది వెళ్ళాల్సిందే. మిగతా ఏజెంట్లు కూడా అడిగి నకలు తీసుకెళ్ళారు. మార్చి నాటి ఫీజు మాత్రం ఎప్పటికీ రాలేదు. మూర్తిగారు అడగలేదు. నేను చెప్పలేదు.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఆ మధ్యాహ్నమే నేర్చుకున్నాను. దూరం నుంచి చేసిన పని కంటికి కనపడదు. కనపడని పనికి పేరు పెట్టడం, దానికి ఎవరు ఏమివ్వాలో తేల్చడం పని మొదలవకముందే జరగాలి. అయిపోయాక చెప్పే నిజం ఎంత నిజమైనా ఒకరి కష్టాన్ని మింగేయగలదు. మూర్తిగారు అడిగింది డబ్బని ఆ రోజు మా మేనేజరుగారు సైతం కాసేపు అనుకున్నారు. ఆయన అడిగింది తను అక్కడ ఉన్నట్టు ఒప్పుకోమని.

మరుసటి ఏడాది ఎండాకాలంలో ఒకాయన ఆఫీసుకి వచ్చాడు. నల్లగా, పొట్టిగా, చేతిలో రెగ్జిన్ బ్యాగుతో. ఖాదర్ భాయ్ కోసం అడిగాడు, లేడన్నాను. నా గొంతు వినగానే తల దించుకుని నవ్వాడు. తను ఎవరో చెప్పకముందే నాకు తెలిసిపోయింది. ఒళ్ళు బాగుందని, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ చేతికొచ్చిందని, ఇంకో కంపెనీ ఓడ ఎక్కడానికి ఆ సాయంత్రం కలకత్తా బండికి వెళ్తున్నానని చెప్పాడు. నా కళ్ళలోకి చూడలేదు, నేనూ అతని కళ్ళలోకి చూడలేదు. ఇద్దరం గోడ మీద క్యాలెండర్‌తో మాట్లాడాం. మంచినీళ్ళు ఇస్తే తాగాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"అమ్మా, ఆ డాట్రుగారికి డబ్బులిచ్చీసినారా?"

"ఇచ్చేశారండి."

"అమ్మయ్య. ఇచ్చీయాలి తల్లీ. రేపు ఆయన ఇంకోడితో మాటాడాలి గదా."